చావాల్సిన విలన్... చివరిదాకా ఏలాడు!

ఉద్యోగం మూడు నెలలే. ఐడీ కార్డు ట్యాగు రంగు వేరు. టీమ్ ఫొటోలో ఉంటాం, టీమ్ లిస్టులో ఉండం. కాంట్రాక్టు మీద చేరిన ఎవరికైనా ఈ సంగతి చెప్పక్కర్లేదు. సరిగ్గా ఇలాంటి 'అతిథి' హోదాతోనే అరవై ఏళ్ల కిందట ఓ నటుడు అమెరికాలో ఒక టీవీ సీరియల్‌లో అడుగుపెట్టాడు. కొన్ని వారాలయ్యాక కథలోంచి తీసేయాల్సిన విలన్ పాత్ర అది. తీయలేకపోయారు! మూడు సీజన్లు, 83 ఎపిసోడ్లు నడిచి సీరియలే ఆగిపోయింది గానీ, ఆ విలన్ మాత్రం చివరిదాకా కదల్లేదు.

అతని పేరు జొనాథన్ హ్యారిస్. సీరియల్ 'లాస్ట్ ఇన్ స్పేస్'. పాత్ర డాక్టర్ జాకరీ స్మిత్. సీరియల్‌ను నిలబెట్టింది ఈ డాక్టర్ స్మిత్తేనని కొందరంటారు. కాదు, చెడగొట్టిందే అతనని ఇంకొందరు. అభిమానులు ఇప్పటికీ రెండు జట్లే!

మాది సికింద్రాబాద్. బీటెక్ అయ్యాక నాకు దొరికిన మొదటి పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మూడు నెలల కాంట్రాక్టు. పొద్దున్నే సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేదాకా ఫోన్లో బ్లాగు రాసుకునేవాణ్ని. పాత టీవీ సీరియళ్లలో రోబోల మీద ఓ పోస్టు రాద్దామని వెతుకుతుంటే ఈ సీరియల్ తగిలింది. రోబో కోసం వెళ్లినవాణ్ని, ఆ రోబోను నోటికొచ్చినట్టు తిట్టే మనిషి దగ్గర ఆగిపోయాను. తర్వాత అతని జీవితం చదివితే, అందులో కెరియర్ గురించి మనకు ఎవరూ సూటిగా చెప్పని విషయాలు రెండు మూడు కనిపించాయి. అన్నీ మెచ్చుకునేవే కావు. అందుకే రాస్తున్నా.

కుర్చీలు కలిపి పడక

హ్యారిస్ 1914 నవంబరు 6న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టాడు. అసలు ఇంటిపేరు చరసూచిన్. రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. నాన్న బట్టలు కుట్టే పరిశ్రమలో పనిచేసేవాడు. ఆ జీతం చాలక అమ్మ బయటివాళ్లను ఇంట్లో అద్దెకు పెట్టుకునేది. వచ్చినవాళ్లకు పిల్లాడి మంచం ఇచ్చేస్తే, పిల్లాడు భోజనాల బల్ల దగ్గరి కుర్చీలు కలిపేసుకుని వాటి మీద పడుకునేవాడు. గదికి ఆరుగురున్న హాస్టల్లో మూడో మంచానికీ నాలుగో మంచానికీ మధ్య చాప పరుచుకున్నవాళ్లకు ఆ ఇల్లు కొత్తగా అనిపించదు.

పన్నెండేళ్లకే మందుల షాపులో పనికి కుదిరాడు. ఇంట్లో డబ్బు లేకపోయినా నాన్నకు కళలంటే ఇష్టం. కొడుకును నాటకాలకు తీసుకెళ్లేవాడు, ఒపేరా సంగీతం వినిపించేవాడు. పిల్లాడికి స్టేజీ పిచ్చి అక్కడే పట్టుకుంది. దాంతోపాటు ఇంకో పట్టుదల కూడా వచ్చింది. తన బ్రాంక్స్ యాసను వదిలించుకోవాలనుకున్నాడు. ఇంగ్లండ్ పెద్దమనుషుల్లా ప్రతి అక్షరం విడమరిచి పలకడం సాధన చేశాడు. ఏళ్లు గడిచేసరికి అదే అతని అసలు గొంతైపోయింది. నువ్వు బ్రిటిష్‌వాడివా అని జీవితాంతం అడుగుతూనే ఉన్నారు. కాదు, కొంచెం టెక్కున్న అమెరికన్‌ని అని నవ్వుతూ ఒప్పుకునేవాడు.

ఇంటిపేరునూ మార్చేసుకున్నాడు, అదీ ఇంట్లో చెప్పకుండా! చరసూచిన్ పోయి హ్యారిస్ వచ్చింది. ఫోర్డ్‌హామ్ యూనివర్సిటీలో ఫార్మసీ చదివి 1936లో పట్టా తీసుకున్నాడు. మందుల షాపుల్లో ఉద్యోగం చేశాడు. 1938లో గెర్‌ట్రూడ్‌ను పెళ్లి చేసుకున్నాడు. అప్పుడు అమెరికాలో ఆర్థిక మాంద్యం నడుస్తోంది. నెలనెలా జీతం వచ్చే పని ఉందంటే అదృష్టవంతుడి కిందే లెక్క. మన భాషలో చెప్పాలంటే 'సెటిల్' అయిపోయాడు.

కానీ మనసు మందుల సీసాల మీద లేదు.

దొంగ రెజ్యుమె

ఇరవై నాలుగేళ్ల వయసులో హ్యారిస్ లాంగ్ ఐలాండ్‌లోని మిల్‌పాండ్ ప్లేహౌస్ అనే నాటక సంస్థలో ప్రయత్నించాడు. అనుభవం సున్నా. మరి ఏం చేశాడు? లేని అనుభవం ఉన్నట్టు ఓ రెజ్యుమె తయారు చేసుకున్నాడు. పని దొరికింది. అక్కడే వరసగా నాటకాలు ఆడాడు.

ఇది చదవగానే మీకు అమీర్‌పేటలో చేతిలో పెట్టే కరపత్రాలు గుర్తొచ్చాయా? నాకూ గుర్తొచ్చాయి. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు లెటరు, పే స్లిప్పులు, ఫోన్ చేస్తే మాట్లాడే 'హెచ్ఆర్'... మొత్తం ప్యాకేజీ. నా క్లాస్‌మేట్లలోనే కొందరు ఆ దారి పట్టారు. హ్యారిస్ చేశాడు కదా, మనమూ చేయొచ్చు కదా అంటే... చేయకూడదు. అతను చేసింది కూడా తప్పే. గొప్పవాళ్ల జీవితాల్లో ఇలాంటి కథలు వినడానికి సరదాగా ఉంటాయి, దొరికిపోయినవాళ్ల కథలు ఎవరూ రాయరు కాబట్టి.

పైగా కాలం వేరు. ఇప్పుడు మీ పీఎఫ్ యూఏఎన్ నంబరు కొడితే మీరు ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశారో వరసగా కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు ప్రత్యేకంగా ఏజెన్సీలే ఉన్నాయి. చేరిన ఏడాదికి దొరికినా ఉద్యోగం పోతుంది, ఆ మచ్చ తర్వాతి ఉద్యోగం దాకా వస్తుంది. ఇంకో తేడా కూడా ఉంది. నాటకంలో అబద్ధానికి ఆయుష్షు తక్కువ. తెర లేచిన మొదటి రాత్రే అసలు సంగతి బయటపడుతుంది. హ్యారిస్ నిలబడ్డాడంటే కాగితం వల్ల కాదు, నాన్న వెంట చూసిన నాటకాల వల్ల, ఏళ్ల తరబడి సాన పట్టుకున్న గొంతు వల్ల. కాగితం తలుపు తీసింది, అంతే. అనుభవం లేనప్పుడు ఆ సాధననే చూపించే దారులు ఇప్పుడు చాలా ఉన్నాయి. చిన్న ప్రాజెక్టులు, ఓపెన్ సోర్స్ పని, ఇంటర్న్‌షిప్‌లు. ఆ రోజు అతనికి అవి లేవు.

యాభై ఏళ్లకు వచ్చిన పాత్ర

తర్వాతి పాతికేళ్ల కథ ఏ సక్సెస్ స్టోరీలోనూ రెండు లైన్లు మించి ఉండదు. కానీ అసలు జీవితమంతా అక్కడే ఉంది. 1942లో బ్రాడ్‌వే మెట్లెక్కాడు. 'ద హార్ట్ ఆఫ్ ఎ సిటీ' అనే నాటకంలో పోలండ్ అధికారి వేషం. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లోని సైనికుల ముందు ప్రదర్శనలిచ్చాడు. 1946లో 'ఎ ఫ్లాగ్ ఈజ్ బార్న్' నాటకంలో నటించాడు. అందులోనే మార్లన్ బ్రాండో అనే కుర్రాడు కూడా ఉన్నాడు. ఆ కుర్రాడు కొన్నేళ్లలోనే ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. హ్యారిస్ మాత్రం వేషాలు వేసుకుంటూనే ఉన్నాడు.

1940ల చివర్లో టీవీ వచ్చింది. హ్యారిస్ టీవీకి మారిపోయాడు. ఈ వారం న్యాయవాది, వచ్చేవారం హోటల్ మేనేజరు, ఆపై వారం ఎవరో ధనవంతుడు. 'ద ట్విలైట్ జోన్'లో రెండు ఎపిసోడ్లు. మైకేల్ రెన్నీ హీరోగా వచ్చిన 'ద థర్డ్ మ్యాన్'లో హీరో సహాయకుడు. డిస్నీవాళ్ల 'జోరో'లో కూడా కొన్ని ఎపిసోడ్లు అతిథిగా చేశాడు. అందులో జోరో ఎవరు? గై విలియమ్స్ అనే అందగాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 'ద బిల్ డానా షో'లో చిరాకు పడే హోటల్ మేనేజరుగా కాస్త పేరొచ్చింది. 1965 మొదట్లో అదీ ఆగిపోయింది.

అప్పటికి అతనికి యాభై ఏళ్లు. ఎదురుగా ఇంకా పెద్ద పాత్ర లేదు. ఇరవై మూడేళ్లకు ఆఫర్ లెటరు రాకపోతే జీవితమే అయిపోయిందనుకునే మనం ఈ లెక్కను ఒకసారి తీరిగ్గా చూసుకోవాలి.

నౌకలో అదనపు బరువు

ఇర్విన్ ఆలెన్ అనే నిర్మాత అంతరిక్షం కథతో ఓ సీరియల్ మొదలుపెట్టాడు. మనిషి ఇంకా చంద్రుడి మీద కాలు పెట్టని రోజులు. కథ జరిగేది 1997లో. రాబిన్సన్ అనే కుటుంబం జూపిటర్ 2 అనే నౌకలో ఆల్ఫా సెంటారీకి బయల్దేరుతుంది. కుటుంబ పెద్దగా నటించింది ఎవరనుకున్నారు? జోరో గై విలియమ్స్! తల్లిగా జూన్ లాక్‌హార్ట్, పైలట్‌గా మార్క్ గోడార్డ్, పిల్లాడు విల్‌గా బిల్ మూమీ.

విచిత్రం ఏంటంటే, మొదట తీసిన నమూనా ఎపిసోడ్‌లో డాక్టర్ స్మిత్ లేడు, రోబో కూడా లేదు. మంచి కుటుంబం, ఎదురయ్యే ప్రమాదాలు... అంతే. వాళ్లలో వాళ్లకు గొడవ పెట్టేవాడు ఒకడు కావాలనిపించి, తర్వాత ఈ రెంటినీ కలిపారు. అలా 1965 సెప్టెంబరు 15న సీబీఎస్ ఛానల్లో సీరియల్ మొదలైంది.

డాక్టర్ స్మిత్ శత్రుదేశపు ఏజెంటు. నౌక బయల్దేరిన ఎనిమిది గంటలకు దాన్ని ధ్వంసం చేసేలా రోబోకు ప్రోగ్రామ్ పెడతాడు. కానీ దిగిపోయేలోపే తలుపులు మూసుకుపోతాయి, తనూ లోపలే ఇరుక్కుపోతాడు. లెక్కలో లేని ఆ ఒక్క మనిషి బరువుతో నౌక దారి తప్పుతుంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇది భలే నచ్చుతుంది. రాకెట్‌లో ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది, లెక్కలో లేని కిలో ఇంధనాన్నీ దారినీ రెండింటినీ మార్చేస్తుంది. డాక్టర్ స్మిత్ కథలో చేసిందీ అదే, సీరియల్‌లో హ్యారిస్ చేసిందీ అదే!

హ్యారిస్ చేరేసరికి మిగతా నటుల ఒప్పందాలు, తెర మీద పేర్ల వరస అన్నీ ఖరారైపోయాయి. చివర్లో వచ్చాడు కాబట్టి పేరూ చివర్లోనే. మామూలుగా అయితే బాధపడి ఊరుకుంటాం. హ్యారిస్ ఊరుకోలేదు. పేరు చివర్లో వేస్తే వేయండి, కానీ పక్కన 'స్పెషల్ గెస్ట్ స్టార్' అని వేయండన్నాడు. ఒప్పుకున్నారు. ప్రతి వారం అందరి పేర్లూ అయ్యాక, అతని పేరు ఆ గౌరవంతో పడేది. వెళ్లిపోవాల్సినవాడనే గుర్తునే పెద్దరికంగా మార్చుకున్నాడు. నా కాంట్రాక్టు ట్యాగు వైపు చూసుకుని చాలాసేపు నవ్వుకున్నాను.

తిట్లలోనూ ప్రాస

ఇప్పుడు అసలు సమస్య. రాసిన డాక్టర్ స్మిత్ క్రూరుడు. నవ్వడు, జాలిపడడు, పిల్లల్ని కూడా వదలడు. ఇలాంటివాణ్ని ప్రతి వారం ఇళ్లల్లో కూర్చుని ఎవరు చూస్తారు? కొన్ని ఎపిసోడ్లయ్యాక చంపేయక తప్పదని హ్యారిస్‌కు అర్థమైంది. అంటే తన ఉద్యోగం పోతుంది.

మార్చడం మొదలుపెట్టాడు, కొంచెం కొంచెంగా. ముందు ఓ చూపు. తర్వాత ఓ మాట. విలన్‌కు పిరికితనం అతికించాడు. బద్ధకం, తిండియావ, గొప్పలు చెప్పుకోవడం, పని చెప్పగానే నడుంనొప్పి... ఒక్కొక్కటీ చేర్చాడు. తన డైలాగులు తనే తిరగరాసుకునేవాడు. రోబోను తిట్టే తిట్లయితే రాత్రిళ్లు కూర్చుని కాగితం మీద పెట్టుకునేవాడు. ఒక్కో తిట్టులో మాటలన్నీ ఒకే అక్షరంతో మొదలవ్వాలి. తెలుగు మాస్టారు చెప్పిన వృత్త్యనుప్రాస గుర్తుందిగా? అదే, కాకపోతే ఇనప డబ్బా మీద ప్రయోగం. ఆ రోబో లోపల దూరి నడిచింది బాబ్ మే అనే నటుడు, దానికి గొంతిచ్చింది డిక్ టఫెల్డ్. తిట్టేవాడు ఒకడు, పడేవాళ్లు ఇద్దరన్నమాట!

నిర్మాతకు తెలియకుండా ఇదెంతకాలం సాగుతుంది? ఓ రోజు ఆలెన్ పట్టుకున్నాడు. నువ్వు చేస్తున్నది నాకు తెలుసన్నాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు హ్యారిస్. ఆలెన్ మాత్రం, ఇంకా ఎక్కువ చేయమని చెప్పి వెళ్లిపోయాడు.

అలా కరుడుగట్టిన విలన్ కాస్తా నవ్వించే విలన్ అయిపోయాడు. ఈ రకం మనిషి మనకు కొత్త కాదు. 'మాయాబజార్' కాలం నుంచి రమణారెడ్డిని చూశాం. ఆ తర్వాత అల్లు రామలింగయ్యను చూశాం. కుట్ర చేస్తుంటేనే నవ్వొస్తుంది, దొరికిపోతే అయ్యో అనిపిస్తుంది. అన్నట్టు, అల్లు కూడా హోమియో మందులిచ్చిన మనిషే. మందుల నుంచి నవ్వులకు వచ్చిన దారిలో హ్యారిస్ ఒంటరివాడేం కాదు.

పెరిగింది ఒకరు... తగ్గింది ఎవరు?

ఇక్కడితో ఆపేస్తే ఇది చక్కని స్ఫూర్తి కథ. కానీ సగమే నిజం.

వారానికి ఒక గంట నిడివి. అందులో డాక్టర్ స్మిత్ పెరిగితే ఇంకెవరో తగ్గాలి. మొదటి సీజన్ సగానికి వచ్చేసరికి కథలన్నీ డాక్టర్ స్మిత్, పిల్లాడు విల్, రోబో ఈ ముగ్గురి చుట్టే తిరగసాగాయి. హీరోగా సంతకం చేసిన గై విలియమ్స్ చాలా ఎపిసోడ్లలో మొదట కాసేపు, చివర కాసేపు కనిపించేవాడు. పెద్ద కూతురు జూడీగా చేసిన మార్టా క్రిస్టెన్‌కు చెప్పుకోదగ్గ కథలే దక్కలేదు. 'జోరో'లో గై విలియమ్స్ హీరో, హ్యారిస్ అతిథి. ఇక్కడ అతిథి హీరో అయ్యాడు, హీరో తన ఇంట్లోనే అతిథి అయ్యాడు. ఈ బాధను విలియమ్స్ దాచుకోలేదు. సీరియల్ అయిపోయాక నటనకు దాదాపు దూరమై, జోరోను నెత్తిన పెట్టుకున్న అర్జెంటీనాకు వెళ్లిపోయాడు. 1989లో బ్యూనస్ ఎయిర్స్‌లో చనిపోయాడు. పైలట్‌గా చేసిన మార్క్ గోడార్డ్ తర్వాతి రోజుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పే టీచరయ్యాడు.

డాక్టర్ స్మిత్ అంటే పడనివాళ్ల వాదన ఇదే. గంభీరంగా మొదలైన అంతరిక్ష కథ పిల్లల ఆటగా మారిపోయిందంటారు. తమ బిడ్డనే గ్రహాంతరవాసులకు అప్పగించబోయిన మనిషిని ఆ కుటుంబం ప్రతి వారం ఎందుకు క్షమిస్తుందని అడుగుతారు. 1968లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఏకంగా మనిషంత క్యారెట్ మాట్లాడుతుంది. ఇదంతా అతని పుణ్యమేనంటారు.

మెచ్చేవాళ్ల వాదన కూడా తీసేయలేం. అతను లేకపోతే ఆ మంచి కుటుంబాన్ని మూడేళ్లు ఎవరు చూసేవారంటారు. పైగా తప్పంతా ఒక్కడిదేం కాదు. 1966 జనవరిలో పోటీ ఛానల్ ఏబీసీలో, అదే బుధవారం రాత్రి, అదే సమయానికి 'బ్యాట్‌మ్యాన్' మొదలైంది. రంగులు, వెటకారం, అల్లరి. జనం ఎగబడ్డారు. దాంతో రెండో సీజన్ నుంచి ఈ సీరియల్ కూడా రంగుల్లోకి, అల్లరిలోకి దిగింది. గేటు తెరిచింది నిర్మాత, తోసింది పోటీ. హ్యారిస్ అప్పటికే గేటు దగ్గర రెడీగా ఉన్నాడు.

ఇది చదివినప్పుడు నా సంగతే గుర్తొచ్చింది. నా మూడు నెలల కాంట్రాక్టులో నేను చేసిందీ ఇదే. టెస్టింగ్ రిపోర్టులు ఇచ్చి ఊరుకోకుండా, ప్రతి శుక్రవారం డెమో నేనే ఇస్తానన్నాను. స్లైడ్లు బాగా చేసేవాణ్ని, నాలుగు జోకులు వేసేవాణ్ని. మేనేజరుకు నా పేరు గుర్తుండిపోయింది. నాతోపాటే చేరిన ఇంకో కుర్రాడు ఉండేవాడు. వరంగల్ నుంచి వచ్చాడు, నాకంటే నిదానంగా, నాకంటే శుభ్రంగా పనిచేసేవాడు. డెమోలో నేను చూపించిన బగ్గుల్లో సగం అతను పట్టుకున్నవే. ఆ మాట నేను అబద్ధం చెప్పలేదు, అలాగని చెప్పనూ లేదు. మూడో నెల చివర నా కాంట్రాక్టు పొడిగించారు. అతనిది పొడిగించలేదు.

పోయేటప్పుడు అతను నన్ను ఏమీ అనలేదు. 'పార్టీ ఎప్పుడన్నా?' అనడిగాడంతే. ఇప్పుడు వేరే కంపెనీలో బాగానే ఉన్నాడు. అయినా ఆ ప్రశ్న నాకు అప్పుడప్పుడూ గుర్తొస్తుంటుంది.

ముద్ర పడిపోయింది

1968 మార్చి 6న చివరి ఎపిసోడ్ వచ్చింది. ముగింపంటూ ఏమీ లేదు. రాబిన్సన్ కుటుంబం ఆల్ఫా సెంటారీ చేరనేలేదు. కంపెనీ ప్రాజెక్టు మూసేసినట్టు ఓ రోజు ఆపేశారంతే.

ఇప్పుడు హ్యారిస్ లెక్క కట్టే వంతు. ఎక్కడికెళ్లినా అతను డాక్టర్ స్మిత్తే. పిలిచినవాళ్లందరూ అదే పిరికి పెద్దమనిషి వేషానికి పిలిచారు. ఒక్క పనిలో మనల్ని మించినవాడు లేడని పేరు తెచ్చుకుంటే వచ్చే ఇబ్బంది ఇది. ఒక్క టూల్ మీదే పదేళ్లు కూర్చుని, ఆ టూల్ పాతబడ్డాక మార్కెట్లో నిలబడ్డ సీనియర్లను అడగండి, చెబుతారు.

అయినా కూర్చుండిపోలేదు. 1977లో 'స్పేస్ అకాడమీ' అనే పిల్లల సీరియల్‌లో కమాండర్ గాంపూగా చేశాడు. అది డాక్టర్ స్మిత్‌కు పూర్తిగా తలకిందులు. ప్రశాంతంగా, దయగా ఉండే మూడొందల ఏళ్ల పెద్దాయన పాత్ర. 1978లో 'బ్యాటిల్‌స్టార్ గలాక్టికా'లో లూసిఫర్ అనే రోబోకు గొంతిచ్చాడు. తెర మీద పేరు కూడా వేయలేదు. స్పెషల్ గెస్ట్ స్టార్ అని వేయించుకున్న మనిషే పేరు లేకుండానూ పనిచేశాడు. జీవితాంతం రోబోను తిట్టినవాడు చివరికి రోబోకే గొంతయ్యాడు!

ఆ గొంతే అతన్ని నిలబెట్టింది. బ్రాంక్స్ ఇంట్లో కుర్చీల మీద పడుకున్న పిల్లాడు, ఎవరూ అడక్కుండానే సాధన చేసుకున్న ఉచ్చారణ. ముఖానికి వయసొచ్చింది, గొంతుకు రాలేదు. 1998లో పిక్సార్ 'ఎ బగ్స్ లైఫ్'లో మానీ అనే గొల్లభామ లాంటి పురుగుకు, 1999లో 'టాయ్ స్టోరీ 2'లో బొమ్మలు బాగుచేసే ముసలాయనకు గాత్రం అతనిదే. వుడీ బొమ్మ చెయ్యి ఊడిపోతే, కళ్లద్దాలు సర్దుకుని, ఓపిగ్గా కుట్టి, రంగు వేసి, కొత్తదానిలా చేసి ఇచ్చే పెద్దాయన గుర్తున్నాడా? ఆయన తొందరపెట్టినా తొందరపడడు. ఆ గొంతుకు అప్పటికి దాదాపు 85 ఏళ్లు.

అదే 1998లో 'లాస్ట్ ఇన్ స్పేస్' సినిమాగా వచ్చింది. డాక్టర్ స్మిత్‌గా గ్యారీ ఓల్డ్‌మన్ నటించాడు. పాత నటులు కొందరికి చిన్న చిన్న వేషాలిచ్చారు. లాక్‌హార్ట్, గోడార్డ్ వంటివాళ్లు సంతోషంగా వెళ్లి చేశారు. హ్యారిస్‌ను పిలిస్తే రానన్నాడు. ఆ సినిమాలో ఒక్క నిమిషం కనిపించి పోయే వేషం తను వేయనన్నాడు. అది ఆత్మగౌరవమా, మొండితనమా? దీని మీద కూడా అభిమానులు రెండు జట్లే.

2002 నవంబరు 3న, 88వ పుట్టినరోజుకు మూడు రోజుల ముందు, కాలిఫోర్నియాలో హ్యారిస్ కన్నుమూశాడు. 1938లో చెయ్యి పట్టుకున్న గెర్‌ట్రూడ్ చివరిదాకా తోడుంది. పిల్లాడు విల్‌గా చేసిన బిల్ మూమీ, సెట్ మీద మొదలైన స్నేహాన్ని పెద్దయ్యాక కూడా వదల్లేదు. 2018లో నెట్‌ఫ్లిక్స్ కొత్తగా తీసిన సీరియల్‌లో డాక్టర్ స్మిత్ ఆడమనిషి. పార్కర్ పోసీ చేసింది. ఆమె దొంగిలించేది ఎవరి గుర్తింపునో తెలుసా? అసలు డాక్టర్ స్మిత్ అనే పెద్దమనిషిది. ఆ చిన్న వేషం వేసింది ఒకప్పటి విల్... బిల్ మూమీ!

మీ ట్యాగు ఏ రంగు?

ఈ పేజీ చదువుతున్న చాలామందికి త్వరలో ఇంటర్వ్యూలుంటాయి. కొందరికి ఇంటర్న్‌షిప్, కొందరికి కాంట్రాక్టు, కొందరికి మూడు నెలల ప్రొబేషన్. వచ్చిన పని చిన్నదని చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. హ్యారిస్‌కు ఇచ్చింది చచ్చిపోయే పాత్ర. స్క్రిప్టు మార్చమని ఎవరూ అడగలేదు, రాత్రిళ్లు కూర్చుని రాయమని ఎవరూ చెప్పలేదు. తనకిచ్చిన పనిలో ఇంకా ఏం చేయొచ్చో తనే వెతుక్కున్నాడు. మనమూ వెతుక్కోవచ్చు. దొంగ లెటర్లు మాత్రం వద్దు.

కాకపోతే ఇంకో లెక్క కూడా పక్కనే పెట్టుకోండి. మీరు పెరుగుతున్నప్పుడు ఆ చోటు ఎక్కడి నుంచి వస్తోంది? ఖాళీగా ఉన్నదా, పక్కవాడిదా? రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. టీవీ నటుడికి ఉన్నది వారానికి ఒక గంటే కాబట్టి, హ్యారిస్ పెరిగిన ప్రతి నిమిషమూ ఇంకొకరిది. ఆఫీసులో అలా కానక్కర్లేదు. పక్కవాడి పేరు ఒకసారి పలికితే మన పేరేం తగ్గదు.

ఇప్పుడు నా ట్యాగు రంగు మారింది. డెమోలు ఇంకా నేనే ఇస్తున్నా. మొదటి స్లైడ్‌లో మాత్రం, ఏ బగ్గు ఎవరు పట్టుకున్నారో పేర్లు ఉంటాయి. ఆలస్యంగా నేర్చుకున్నా. మీరు మొదటి శుక్రవారం నుంచే మొదలుపెట్టండి.